పశువైద్య విద్య: సరిహద్దు నేత కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసినవి

(సమాఖ్య వార్షికోత్సవ విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పశువైద్య కోర్సుకు అర్జీ పెట్టడం ఎట్లా, కాలేజీ ఎంచుకోవడం ఎట్లా అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పినారు. పశువైద్యుడిగా పనిచేసినవాణ్ని కాబట్టి ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరూ అడిగేది ఒకటే. "సార్, ఎంబీబీఎస్ అందేట్లు లేదు, వెటర్నరీ అన్నా వస్తుందా?" ఆ 'అన్నా' అనే మాట గురించి తర్వాత చెప్తాను. దానికంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మన సరిహద్దు పిల్లలకు సీటు పోయేది చాలాసార్లు మార్కుల దగ్గర కాదు, కాగితాల దగ్గర. అది కూడా పన్నెండో తరగతిలో కాదు. ఏడో తరగతిలోనో, ఎనిమిదో తరగతిలోనో, పిల్లను ఏ ఊరి బడిలో వేస్తామో ఆ రోజే సగం తేలిపోతుంది. ఈ రోజు నేను చెప్పేదానిలో మీరు ఇంకేం మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ముందు కోర్సు ఏమిటో చూద్దాం. దీని పేరు బి.వి.ఎస్‌సి అండ్ ఏ.హెచ్., అంటే పశువైద్య శాస్త్రం, పశుసంవర్ధనం కలిపిన డిగ్రీ. మొత్తం అయిదున్నర సంవత్సరాలు. అందులో నాలుగున్నరేళ్లు చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. దేశమంతటా ఈ కోర్సు ఎట్లా ఉండాలో నిర్ణయించేది భారత పశువైద్య మండలి, అంటే వీసీఐ. 1984 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థ అది. పియుసిలో గాని ఇంటర్‌లో గాని ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. ఆ సబ్జెక్టుల్లో కలిపి 50 శాతం మార్కులు కావాలి. రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి.

ఇక చదివేది మనిషి శరీరం ఒక్కటి కాదు. ఆవు, ఎద్దు, గొర్రె, మేక, గుర్రం, పంది, కుక్క, కోడి, అన్నిటి ఎముకలూ, పేగులూ వేరువేరుగా చదవాలి. మందులు, సూక్ష్మజీవులు, శస్త్రచికిత్స, ఈనిక సమస్యలు, మేత, జాతుల అభివృద్ధి, పాలూ మాంసం శుభ్రత, ఇవన్నీ పాఠాలే. చదువంతా ఇంగ్లీషులోనే.

కొందరు పెద్దలు "మగ్గం మీద బతికిన మనకు పశువులతో ఏం పనప్పా?" అంటారు. మన బళ్లారి పేరు మీద ఒక గొర్రె జాతే ఉంది. ఆ ముతక ఉన్నితో కంబళ్లు నేసేవాళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. మనం నేసే పట్టు కూడా పురుగు నుంచి వచ్చేదే. ఆ మాట పక్కన పెట్టినా, ఈ రోజు మన ఇళ్లలో ఎంతమంది మగ్గం మీద ఉన్నారు? సగం మంది జీన్స్ కుట్టే షెడ్లకు పోయినారు, కొందరు బెంగళూరు పోయినారు. పిల్లలు కొత్త వృత్తి వెతుక్కోక తప్పదు. అందులో ఇది ఒక గౌరవమైన వృత్తి, మన చుట్టూ ఉన్న పల్లెలకు రోజూ అవసరమైన వృత్తి.

ఇప్పుడు సరిహద్దు సంగతికి వస్తాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. బళ్లారి, సిరుగుప్ప, హొసపేట వైపు మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత గీసినారు గాని సంబంధాలు ఆగలేదు. పిల్లనిచ్చేది రాయదుర్గంలో, తెచ్చుకునేది ఆదోనిలో. నూలు ఒక వైపు, అంగడి ఒక వైపు. అందుకే మన పిల్లలు నాలుగేళ్లు అమ్మమ్మ ఊరి బడిలో, మూడేళ్లు నాన్న ఊరి బడిలో చదువుతారు. పది అయినాక కర్నూలు హాస్టల్‌కో, అనంతపురం హాస్టల్‌కో పంపిస్తాం. మనకు అది మామూలు. సీటు ఇచ్చే నియమాలకు మాత్రం అది మామూలు కాదు.

కర్ణాటకలో సీట్లు ఇచ్చేది కర్ణాటక పరీక్షా ప్రాధికారం, అందరూ కేఈఏ అంటారు. ప్రభుత్వ సీటుకు అర్హత రావాలంటే ముఖ్యమైన నియమం ఇది: ఒకటో తరగతి నుంచి రెండో పియుసి దాకా ఉన్న పన్నెండేళ్లలో కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి. అంతేకాదు, పదో తరగతి పరీక్ష గాని, రెండో పియుసి పరీక్ష గాని కర్ణాటకలో రాసి పాసై ఉండాలి.

ఆంధ్రలో లెక్క వేరు. అక్కడ 'స్థానిక అభ్యర్థి' అనే మాట ఉంది. 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి ఆ నియమం నడుస్తా ఉంది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా అక్కడే చదివి ఉండాలనేది దాని మూల సూత్రం. ఇంటర్ రెండేళ్లు అక్కడ చదివినంత మాత్రాన స్థానికులైపోరు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇది ఊహించి చెప్పేదే గాని, మీలో చాలామందికి మీ ఇంటి కథలాగే అనిపిస్తుంది. ఒక అమ్మాయి ఆరో తరగతి వరకు రాయదుర్గంలో అమ్మమ్మ దగ్గర చదివింది. ఏడు నుంచి పది వరకు బళ్లారిలో చదివింది. ఇంటర్‌కు కర్నూలు పోయింది. మార్కులు బ్రహ్మాండంగా వచ్చినాయి. ఇప్పుడు లెక్క వేయండి. కర్ణాటకలో చదివింది నాలుగేళ్లే, ఏడు కాలేదు. ఆంధ్రలో చివరి నాలుగేళ్లలో రెండేళ్లే. అంటే ఆ పిల్ల ఇక్కడా అర్హురాలు కాదు, అక్కడా స్థానికురాలు కాదు. ఇల్లు బళ్లారిలోనే ఉంది, ఓటు బళ్లారిలోనే ఉంది, రేషన్ కార్డు బళ్లారిదే. అయినా అంతే.

అదే పిల్ల పియుసి బళ్లారిలోనే చదివి ఉంటే? అప్పుడు కర్ణాటకలో ఆరేళ్లు అవుతాయి, ఇంకా ఒక ఏడాది తక్కువ. అయితే ఇంకో క్లాజు ఉంది. రెండేళ్ల పియుసి కర్ణాటకలో చదివి, తల్లి గాని తండ్రి గాని కర్ణాటకలో కనీసం ఏడేళ్లు బడికి పోయి ఉంటే అర్హత వస్తుంది. కాని నాన్న అయిదో తరగతితో బడి మాని మగ్గం గుంటలో దిగి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. మన ఇళ్లలో ఎంతమంది నాన్నల కథ ఇదే! అందుకే చెప్తున్నా, ఏడో తరగతి లోపలే ఒకసారి కూర్చుని పన్నెండేళ్లకు లెక్క వేసుకోండి. ఒక కాగితం మీద తరగతి, ఊరు, రాష్ట్రం రాసుకోండి. అయిదు నిమిషాల పని. పడుగు లెక్క తప్పిన తర్వాత పేక ఎంత బాగా వేసినా చీర కుదరదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

కన్నడ మాతృభాషగా ఉండి ఆంధ్ర వైపు సరిహద్దు తాలూకాల్లో ఉన్నవాళ్లకు 'గడినాడు కన్నడిగ' అనే క్లాజు కూడా కర్ణాటకలో ఉంది. కురుహినశెట్టి, దేవాంగ కుటుంబాల్లో ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లు అటు వైపు ఉన్నారు కదా, వాళ్లు దీన్ని చూసుకోవాలి. దీనికి కన్నడ భాషా పరీక్ష ఒకటి పెడతారు. తాలూకాల పేర్లు ఆ ఏడాది బ్రోచర్‌లోనే చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మవద్దు.

ఇప్పుడు దారులు. మొత్తం మూడు.

మొదటిది కర్ణాటక దారి. ఇక్కడ పశువైద్య సీట్లకు కేసీఈటీ రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో పియుసి మార్కులకు సగం, సీఈటీ మార్కులకు సగం విలువ ఇచ్చి ర్యాంకు కడతారు. అంటే పియుసి మార్కులను తేలిగ్గా తీసుకునే పిల్లలకు ఇక్కడ దెబ్బ తగులుతుంది.

రెండోది ఆంధ్ర దారి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అర్జీలు పిలుస్తుంది. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు మీద ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నీట్ ర్యాంకు చూస్తున్నారు.

మూడోది అఖిల భారత కోటా. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లను నీట్ ర్యాంకు మీద వీసీఐ కౌన్సెలింగ్ ద్వారా నింపుతారు. దీనికి మీరు ఏ రాష్ట్రంలో చదివినారన్నది అడ్డం రాదు. ఇందాక చెప్పిన అమ్మాయికి మిగిలేది ఈ ఒక్క తలుపే. పోటీ దేశం మొత్తంతో. అందుకని నేను చెప్పేది, సరిహద్దు పిల్లలు కేసీఈటీ ఒక్కటి రాసి ఊరుకోవద్దు, నీట్ కూడా రాయాల్సిందే. నీట్ రాసినంత మాత్రాన వీసీఐ వాళ్లు మిమ్మల్ని పిలవరు. వాళ్ల కౌన్సెలింగ్‌కు మళ్లీ వేరుగా నమోదు చేసుకోవాలి. ఇది తెలియక ప్రతి ఏడాది ఎవరో ఒకరు తేదీ దాటిపోయినాక ఫోన్ చేస్తారు.

ఇక మనకున్న రిజర్వేషన్లు. కర్ణాటకలో పద్మశాలి, దేవాంగ, కురుహినశెట్టి, తొగట, స్వకుళసాళి వంటి నేత కులాలు 2ఏ వర్గంలో ఉన్నాయి, ఆ వర్గానికి 15 శాతం. ఆంధ్రలో మనవాళ్లు బీసీ-బి. ఒక రాష్ట్రం కుల సర్టిఫికెట్ ఇంకో రాష్ట్రంలో చెల్లదు. వీసీఐ కోటాలో ఓబీసీగా అర్జీ పెట్టాలంటే 2ఏ సర్టిఫికెట్ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి.

దీనికి తోడు బళ్లారికి 371-జె ఉంది. మన జిల్లా నిజాం పాలనలో లేకపోయినా కల్యాణ కర్ణాటకలో చేర్చినారు. 2021లో వేరైన విజయనగర జిల్లాకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో 70 శాతం, రాష్ట్రస్థాయి సంస్థల్లో 8 శాతం సీట్లు స్థానికులకు. మన పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రం బీదర్‌లో ఉంది, అక్కడ కాలేజీ కూడా ఉంది. బీదర్ కల్యాణ కర్ణాటకలోనిదే. ఇది మనకు పెద్ద అవకాశం. కాని 371-జె సర్టిఫికెట్ దానంతట అది రాదు. ఉపవిభాగాధికారి, అంటే ఏసీ ఆఫీసులో నిర్ణీత నమూనాలో తీసుకోవాలి. తల్లిదండ్రులు ఈ ప్రాంతంవాళ్లేనని చూపే పాత కాగితాలు అడుగుతారు. పాత బడి సర్టిఫికెట్, ఇంటి పత్రం, ఏదున్నా పెట్టె అడుగు నుంచి తీసి పెట్టుకోండి.

గ్రామీణ కోటా, కన్నడ మాధ్యమం కోటా కూడా ఉన్నాయి. ఒకటి నుంచి పదో తరగతి వరకు పల్లెలో చదివినవాళ్లకు ఒకటి, కన్నడ మాధ్యమంలో చదివినవాళ్లకు ఒకటి. రెండింటికీ పదేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. రైతు కోటా అని ఇంకొకటి ఉంటుంది. అది వ్యవసాయ కుటుంబాలకు. భూమి లేని నేత కుటుంబాలు దాన్ని నమ్ముకోవద్దు.

కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. పేరు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు పూర్తిగా రాస్తారు. ఇక్కడ ఒక అక్షరం ఇనిషియల్ పెడతారు. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మార్కుల కార్డులో ఒకటి. కులం కూడా ఒక టీసీలో 'సాలి', ఇంకో దానిలో 'నేకార', మూడో దానిలో 'పద్మశాలి'. తొమ్మిదో తరగతిలో ఉండగానే బడిలో సరిచేయించుకోండి. పదో తరగతి కార్డు వచ్చినాక దాన్ని మార్చేకి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

కాలేజీ ఎంపికకు వస్తాను. కర్ణాటకలో బెంగళూరు హెబ్బాళ కాలేజీ 1958 నాటిది. బీదర్, హాసన, శివమొగ్గ, గదగ్‌లలో కూడా కాలేజీలున్నాయి. గదగ్ మనకు రైల్లో హొసపేట, కొప్పళ మీదుగా దగ్గర. ఆంధ్రలో తిరుపతి కాలేజీ 1955లో మొదలైంది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో తర్వాత వచ్చినాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఊరి పేరు చూసి కాదు, నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, ఆ కాలేజీకి వీసీఐ గుర్తింపు ఉందా? వీసీఐ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. గుర్తింపు లేని చోట చదివితే డిగ్రీ ఉన్నా డాక్టరుగా నమోదు కాలేరు, వైద్యం చేసే హక్కు రాదు. ప్రైవేటు కాలేజీ గురించి ఎవరైనా చెప్తే మొదట అడగాల్సిన ప్రశ్న ఇది, ఫీజు రెండో ప్రశ్న.

రెండు, కాలేజీ ఆసుపత్రికి రోజూ ఎన్ని పశువులు వస్తాయి, ఏ రకం వస్తాయి? నగరంలో కుక్కలు, పిల్లులు ఎక్కువ. పల్లెల మధ్య ఉన్న కాలేజీలో ఆవులు, గొర్రెలు ఎక్కువ. మీరు ఏ పని చేయాలనుకుంటారో దాన్ని బట్టి చూసుకోండి. చేయి పెట్టకుండా ఈ విద్య రాదు.

మూడు, అధ్యాపకులు నిండుగా ఉన్నారా, హాస్టల్ ఎట్లా ఉంది? ఇది అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగితేనే తెలుస్తుంది.

నాలుగు, ఖర్చు. ప్రభుత్వ కాలేజీ ఫీజు మన కుటుంబాలకు అందేదే. వెనుకబడిన వర్గాల హాస్టళ్లు, ఎస్‌ఎస్‌పీ పోర్టల్‌లో స్కాలర్‌షిప్పులు, దేవరాజ అరసు నిగమం వారి 'అరివు' విద్యారుణం, ఇవన్నీ అడిగి చూడండి. మగ్గం అమ్మి చదివించాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆ 'అన్నా' సంగతి. వెటర్నరీ అన్నా వస్తే చాలు అనుకుని చేరేవాళ్లు రెండో ఏడాదికే నీరసపడతారు. చేరకముందు ఒక వారం మీ ఊరి పశువైద్యశాలకు పోయి నిలబడండి. మోచేతి దాకా చేయి పెట్టి చూడి పరీక్ష చేయడం చూడండి. రాత్రి రెండు గంటలకు గేదె ఈనలేక అల్లాడుతుంటే బురదలో కూర్చుని దూడను బయటికి తీయడం చూడండి. చనిపోయిన గొర్రెను కోసి కారణం వెతకడం చూడండి. పేడ, రక్తం, వాసన, అన్నీ ఉంటాయి. పిచ్చికుక్క జబ్బు, బ్రూసెల్లా వంటివి మనిషికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది, జాగ్రత్తలు తీసుకోవాలి. అది చూసినాక కూడా మళ్లీ రేపు పోదాం అనిపిస్తే ఈ చదువు మీది. కళ్లు తిరిగినంత మాత్రాన పనికిరామని కాదు, అది అలవాటవుతుంది. పశువు మీద విసుగు మాత్రం అలవాటుతో పోదు. ఆడపిల్లలకు ఇది కష్టమేమో అనే తల్లులకు ఒక మాట: కాలేజీల్లో పోయి చూడండమ్మా, ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుస్తుంది.

మన పిల్లలకు ఒక బలం ఉంది, దాన్ని మనమే లెక్కలో పెట్టుకోము. రైతు జబ్బు పేరు పుస్తకం భాషలో చెప్పడు. సిరుగుప్ప వైపు ఒకాయన 'కాలుబాయి జ్వర' అంటాడు, ఆలూరు వైపు ఒకాయన 'గాలికుంటు' అంటాడు. రెండూ ఒకటే జబ్బు. 'చప్పె బేనె' అన్నా, 'జబ్బవాపు' అన్నా ఒకటే. ఈ రెండు భాషలూ ఇంట్లోనే నేర్చుకున్న డాక్టరు ఈ సరిహద్దు పల్లెల్లో చేసే పని, బయట నుంచి వచ్చినవాళ్లకు చేసేకి ఏళ్లు పడుతుంది. 2022లో ముద్దచర్మ వ్యాధి ఆవుల మీద పడినప్పుడు జబ్బు రాష్ట్ర సరిహద్దు చూసి ఆగలేదు.

ఉద్యోగాల మాట. పశుపాలన శాఖలో డాక్టరు పోస్టులు, పాల సమాఖ్యలు, కోళ్ల పరిశ్రమ, మందుల కంపెనీలు, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారులు, జంతు ప్రదర్శనశాలలు, సైన్యంలో పశువైద్య దళం, పై చదువులకు ఎం.వి.ఎస్‌సి. మన బళ్లారిలోనే పాల యూనియన్ ఉంది, కమలాపుర దగ్గర జూ ఉంది. అయితే ప్రభుత్వ నియామకాలు ఏటా రావు. డిగ్రీ అయినాక కొన్నాళ్లు కాంట్రాక్టు మీదనో, ప్రైవేటులోనో చేయాల్సి రావచ్చు. అది తెలిసే చేరండి.

సీటు రాకపోతే? పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మంచి పనే. కాని డిప్లొమా చేసినవారు డాక్టరు కారు, నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయాలి. ఆ తేడా దాచి అడ్మిషన్లు అమ్మే ఏజెంట్లు తిరుగుతుంటారు, జాగ్రత్త. నియమాలు ఏటా కొంచెం మారుతుంటాయి కూడా. నేను ఈ రోజు చెప్పినదాన్ని దారి చూపడానికి వాడుకోండి, అర్జీ పెట్టేటప్పుడు మాత్రం ఆ ఏడాది బ్రోచర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి.

చివరగా సమాఖ్య పెద్దలకు ఒక విన్నపం. మనం ప్రతి సంవత్సరం మార్కులు బాగా వచ్చిన పిల్లలకు శాలువా కప్పుతున్నాం. సంతోషం. దానితో పాటు ఏటా జూన్‌లో ఒక ఆదివారం ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి, ఈ పన్నెండేళ్ల లెక్క వేయించే పని పెట్టుకోండి. కుల సర్టిఫికెట్, 371-జె, పేర్ల సవరణ తెలిసిన మనవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే చాలు. నేనూ వస్తాను. కష్టపడి చదివిన పిల్ల ఒక ఏడాది తక్కువైందని ఇంటికి రాకూడదు.